చెన్నై శివారు కాలేజీ అడవిలో పాడుబడ్డ డిస్క్ గోల్ఫ్ కోర్సు: ఎవరైనా ఆడారా?

తాటిముంజ రాశారు:

చెన్నైలో ఉంటున్న మనవాళ్లలో డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? బీసెంట్ నగర్ బీచ్‌లో రెండు జట్లుగా డిస్కు అందించుకుంటూ ఆడే అల్టిమేట్ ఫ్రిస్బీ గురించి కాదండి నేను అడిగేది. గోల్ఫ్ లాంటిదే, బంతి బదులు డిస్కు, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. ఎవరు తక్కువ త్రోలతో బుట్టలో వేస్తే వాళ్లు గెలిచినట్టు.

శివార్లలో ఒక కాలేజీ క్యాంపస్ వెనక భాగమంతా చెట్లే. అందులో 9 హోల్స్ కోర్సు ఉంది. ఒకప్పుడు అల్టిమేట్ ఆడే కుర్రాళ్లు చందాలు వేసుకుని, వెల్డింగ్ షాపులో బుట్టలు చేయించి పెట్టారట. ఆ బ్యాచ్ పాసై వెళ్లిపోయింది. ఆ తర్వాత పట్టించుకున్న నాథుడు లేడు. అడవి గాచిన వెన్నెలే.

ఇప్పుడు పరిస్థితి ఇదీ: టీల దగ్గర (అంటే ఒక్కో హోల్‌లో మొదటి త్రో విసిరే చోట) పెట్టిన ప్లైవుడ్ బోర్డులు చెదలు తినేశాయి. మూడో హోల్ బోర్డు మీద బాణం గుర్తు ఒక్కటే మిగిలింది, ఆ బాణం కూడా బుట్ట వైపు లేదు. ఆరో హోల్‌లో స్తంభం ఉంది, బుట్టా గొలుసులూ పాత ఇనప సామాను వాడి దగ్గరికి చేరినట్టున్నాయి. అయిదో హోల్ బుట్టలో ఏళ్ల తరబడి రాలిన వేపాకు కుళ్లి ఎరువైపోయి, అందులోంచి జానెడు వేప మొక్క ఒకటి మొలిచింది. డిస్కు వేస్తే ఆ మొక్క మీదే పడుతుంది, పీకేయడానికి చేతులు రాలేదు.

అయినా సరే, ఆడుతుంటే భలే ఉంది. ఇలాంటి చోట ఎలా ఆడాలో తెలిసినవాళ్లు చెప్తారని ఈ పోస్టు. కాలేజీ పేరు మాత్రం అడక్కండి, రాయను. గేటు దగ్గర తాతగారు మంచివారు, మనం ఊరంతా చాటింపు వేస్తే ఆయనకే తలనొప్పి.

ఫుల్‌పవర్ రాశారు:

నాకు తెలుసు ఆ కోర్సు. నాలుగో హోల్‌లో నా డిస్కు ఇప్పటికీ ఎక్కడో ఉంది. సూటిగా చెప్తున్నా, అది కోర్సు కాదు బ్రదర్, చెట్ల మధ్య లాటరీ. ఎంత బాగా విసిరినా కొమ్మ తగిలితే అయిపోయింది. ఒక్కో డిస్కు దిగుమతి సరుకు, వెయ్యికి పైనే. డబ్బులు తీసుకెళ్లి పొదల్లో పోయడం ఎందుకు? దారులు వెడల్పు చేసి, నాలుగు చెట్లు తీయిస్తే తప్ప అక్కడికి మనుషులు రారు.

స్కోర్‌కార్డ్ రాశారు:

ఫుల్‌పవర్ గారూ, మీ పేరులోనే ఉంది సమస్య 😀

దూరం విసరడంలో ప్రపంచ రికార్డు 338 మీటర్లు. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ అమెరికాలోని నెవాడా ఎడారిలో, వెనక నుంచి తోసే గాలిలో విసిరాడు. మన నాలుగో హోల్‌లో తొమ్మిది మీటర్లకే తాటి చెట్టు. ఆ రికార్డు బలం ఇక్కడ దేనికీ పనికిరాదు. అడవి కోర్సులో ఆట వేరు. మైదానంలో 'ఎంత దూరం' అని చూస్తారు, ఇక్కడ 'ఏ సందులోంచి' అని చూడాలి.

అసలు ఈ ఆట పుట్టిందే చెట్ల కింద. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ మొదటి శాశ్వత కోర్సు వేశాడు. అప్పటికి గొలుసుల బుట్ట లేదు, ఉత్త స్తంభాలే గుర్తులు. తగిలిందా లేదా అని గొడవలు వస్తుంటే, డిస్కు వేగాన్ని మింగేసి కింద పడేసేలా గొలుసుల బుట్ట కనిపెట్టి 1977లో పేటెంట్ తీసుకున్నాడు. అంచేత తాటిముంజ గారూ, మీ ఆరో హోల్ ఉత్త స్తంభానికి సిగ్గుపడక్కర్లేదు. అది 1975 మోడల్ అనుకోండి. స్తంభానికి తగిలితే హోల్ పూర్తయినట్టే లెక్క వేసుకోండి.

కొత్తగా_చేరా రాశారు:

అన్నా, నా దగ్గర అల్టిమేట్ డిస్కు ఉంది. దాంతో ఆడొచ్చా? బుట్టలో పడుతుందా?

స్కోర్‌కార్డ్ రాశారు:

పడుతుంది తమ్ముడూ, మొదలుపెట్టడానికి చాలు. కానీ అల్టిమేట్ డిస్కు 175 గ్రాములు, దాదాపు 27 సెంటీమీటర్ల వెడల్పు, అంచు మందం. గాలిలో తేలుతూ పోతుంది, సన్న సందుల్లో దూరదు. గోల్ఫ్ డిస్కులు 21 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. దూరం విసిరే డ్రైవర్ల అంచు పదును, దగ్గర నుంచి బుట్టలో వేసే పుట్టర్ల అంచు మందం.

డిస్కు మీద నాలుగు అంకెలు ఉంటాయి: వేగం, గాలిలో తేలడం, మొదట్లో తిరగడం, చివర్లో వాలడం. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఛాతీకి అడ్డంగా తీసుకొచ్చి) విసిరితే, వేగం ఉన్నంతసేపు కుడికి తిరగాలని చూస్తుంది, వేగం తగ్గాక ఎడమకి వాలుతుంది. డిస్కులు చేసే ఇన్నోవా కంపెనీ వాళ్ల ఏవియార్ పుట్టర్ మీద 2, 3, 0, 1 అని ఉంటుంది, అంటే దాదాపు తిన్నగా పోతుంది. వాళ్లదే డెస్ట్రాయర్ అనే డ్రైవర్ మీద 12, 5, -1, 3. పన్నెండు వేగం డిస్కుకి అంత వేగమూ ఇవ్వలేకపోతే గబుక్కున ఎడమకి పడిపోతుంది. చెట్ల మధ్య కొత్తవాళ్లు డ్రైవర్ తీయడమే అనర్థం. ఒక పుట్టరు, ఒక మిడ్‌రేంజ్ (రెండింటికీ మధ్యరకం) కొనుక్కో, ఏడాది పాటు ఇంకేమీ వద్దు. చౌక ప్లాస్టిక్‌వే కొను. మానుకి కొట్టుకుని కొట్టుకుని అంచు అరిగిన కొద్దీ తిన్నగా, ఆ తర్వాత కుడి వైపుకి పోవడం మొదలవుతాయి. అదీ పనికొచ్చేదే.

తాటిముంజ రాశారు:

రంగు గురించి కూడా చెప్పాలి. ఎండుటాకుల్లో ఎరుపు, నారింజ, గోధుమ రంగు డిస్కు పడితే ఇక దానికి దండం పెట్టేయడమే. ఆకుపచ్చ సరేసరి. గులాబీ లేదా ముదురు నీలం కొనండి. డిస్కు వెనక మార్కర్‌తో ఫోన్ నంబరు రాయండి, పశువులు కాసే పిల్లలు ఎవరికైనా దొరికితే ఫోన్ చేస్తారు.

ఫుల్‌పవర్ రాశారు:

నంబరు రాసే ఉంది నా దానిమీద. ఎవడూ చేయలేదు.

వాక్కాయ_పప్పు రాశారు:

అక్కడ చెట్లు నరకాలన్న మాట విని ఆగలేక రాస్తున్నాను. నేను వృక్షశాస్త్రం చెప్తాను, ఆ క్యాంపస్‌లో కాదు గానీ ఆ అడవి నాకు బాగా తెలుసు. అది ఎవరో నాటిన తోట కాదు. కోరమాండల్ తీరంలో పెరిగే పొడి సతతహరిత అడవి ముక్క అది. మన వైపు శ్రీహరికోటలో ఇలాంటిదే ఉంది, అక్కడ బాగా మిగిలింది. చెన్నైలో మిగిలినవి పిడికెడు. కలివి, బలుసు, పాల చెట్లు ఉంటాయి. చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మీ నాలుగో హోల్ మలుపులో ఉన్న పాల చెట్టు మొదలు నడుమంత లావు. దాని వయసు ఆ కాలేజీ కంటే ఎక్కువే ఉండొచ్చు. డిస్కు తగిలిందని దాన్ని కొట్టేస్తారా?

ఒక్క చెట్టు విషయంలో మాత్రం నాకు అభ్యంతరం లేదు: సర్కారు తుమ్మ. అది అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దంలో తెచ్చిన చెట్టు, మిగతావాటిని ఎదగనివ్వదు. అయితే నరికితే లాభం లేదు, మొదలు నుంచి పది కొమ్మలు మళ్లీ లేస్తాయి. వేళ్లతో పెకిలించాలి.

నెల్లూరోడు రాశారు:

మేం దాన్ని చిల్లచెట్టు అంటాం మేడమ్. ముల్లు స్కూటర్ టైర్లోకి కూడా దిగుతుంది, చెప్పుల సంగతి చెప్పేదేముంది. ఎనిమిదో హోల్ మొత్తం అదే. బూట్లు లేకుండా వెళ్లకండి ఎవరూ.

బలుసు అంటే గుర్తొచ్చింది, నాలుగో హోల్ ఎడమ పక్కంతా బలుసు పొదలే. డిస్కు అందులో పడితే ఇక పాకుతూ పోవాలి. బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు అన్నారు పెద్దలు, ఆ హోల్ ఆడేవాడికి వేరే దారి లేదు.

స్కోర్‌కార్డ్ రాశారు:

నాలుగో హోల్ గురించి వివరంగా రాస్తాను, ఇంతమంది తిట్టుకుంటున్నారు కాబట్టి. నాకు మాత్రం కోర్సులోకెల్లా మంచి హోల్ అదే.

టీ నుంచి బుట్ట దాకా 70 మీటర్లు ఉంటుంది. రెండు తాటి చెట్ల మధ్య రెండు బారల సందు. దాన్ని దాటాక దారి ఎడమకి తిరుగుతుంది. మలుపులో కుడి పక్క మేడమ్ చెప్పిన పాల చెట్టు, ఎడమ పక్క బలుసు. మలుపు దాటాక అడ్డంగా పడిపోయిన పెద్ద వేప మాను. 2016 డిసెంబరు 12న వర్దా తుపానుకి పడిందట, ఎవరూ తీయలేదు. బుట్ట ఆ మాను వెనకే.

అందరూ చేసేది ఏంటంటే, బుట్ట ఎడమ వైపు ఉందని తెలుసు కాబట్టి టీ దగ్గర నుంచే డిస్కుని ఎడమకి వంచి, బలంగా విసురుతారు. అది మొదటి తాటి చెట్టుకే తగిలి టీ దగ్గరికే వచ్చి పడుతుంది. బుట్టని మర్చిపోండి. సందు మధ్యలో, మీ ఛాతీ ఎత్తులో ఒక ఆకుని ఎంచుకోండి. పుట్టర్ తీసుకుని, పరుగు లేకుండా నిలబడి, సగం బలంతో, డిస్కు తలం నేలకి సమానంగా ఉంచి ఆ ఆకుకి విసరండి. డిస్కు ముక్కు, అంటే ముందు అంచు, పైకి లేవకూడదు, లేస్తే పైకొమ్మకి తగులుతుంది. 40 మీటర్లు పోయి, వేగం తగ్గాక తనంతట తనే కాస్త ఎడమకి వాలుతుంది. అదే మలుపు. రెండో త్రో మాను మీదుగా మెల్లగా, మూడోది బుట్టలోకి. రెండుకే అవ్వాలని ఆశ పడితే ఏడు అవుతుంది.

తాటికి తగిలి పొదలో పడితే ఇంకో సంగతి. చిన్న కన్నంలోంచి బుట్ట కనిపిస్తుంది, మనసు లాగుతుంది. వద్దు. పక్కకి, దారిలోకి చిన్నగా వేసుకుని అక్కడి నుంచి ఆడండి. అడవి కోర్సులో స్కోరు పాడయ్యేది మొదటి చెట్టు వల్ల కాదు, ఆ తర్వాత పౌరుషానికి పోయి వేసే త్రో వల్ల.

ఫుల్‌పవర్ రాశారు:

ఇంత రాశారు బాగానే ఉంది. ఎడమచేతి వాటం వాళ్ల సంగతేంటి? నాది ఎడమ చెయ్యి. నా బ్యాక్‌హ్యాండ్ కుడికి వాలుతుంది, అంటే నేరుగా పాల చెట్టుకి.

స్కోర్‌కార్డ్ రాశారు:

ఆ ముక్క ముందే చెప్పాల్సింది కదండీ! మీరు ఫోర్‌హ్యాండ్ (చెయ్యి ఛాతీకి అడ్డంగా తేకుండా, ఆ పక్క నుంచే) విసరండి. ఎడమచేతి ఫోర్‌హ్యాండ్ సరిగ్గా కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లాగే ఎడమకి వాలుతుంది. మణికట్టు విదిలింపు చాలు, చెయ్యంతా ఊపక్కర్లేదు. పొదల పక్కన చెయ్యి వెనక్కి తీసే చోటు లేనప్పుడు కూడా అదే దిక్కు.

కొత్తగా_చేరా రాశారు:

అడ్డం వచ్చే చిన్న కొమ్మని పక్కకి వంచి పట్టుకుని విసరొచ్చా? ఫ్రెండ్స్ ఒప్పుకోవడం లేదు.

స్కోర్‌కార్డ్ రాశారు:

నీ ఫ్రెండ్స్ చెప్పిందే రైటు. ఈ ఆట నియమాలు చూసేది పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్), 1976లో మొదలైన సంస్థ. వాళ్ల లెక్క ప్రకారం నువ్వు నిలబడే చోట రాలిన ఆకులు, ఎండు పుల్లలు తీసేయొచ్చు. బతికున్న కొమ్మని వంచి పట్టుకోవడం, విరవడం కుదరదు, పెనాల్టీ పడుతుంది. మోకాలి మీద కూర్చో, కాళ్లు ఎడంగా పెట్టి పక్కకి ఒరుగు, అంతేగానీ చెట్టు జరగదు. డిస్కు పోతే వెతకడానికి మూడు నిమిషాలు, దొరక్కపోతే ఒక పెనాల్టీ త్రో వేసుకుని ముందు విసిరిన చోటు నుంచే మళ్లీ. బుట్టకి పది మీటర్ల లోపల విసిరేటప్పుడు ముందుకి తూలకూడదు, నిలదొక్కుకున్నాకే నడవాలి.

పాములూ కందిరీగలూ ఉన్న చోట పడితే మాత్రం పెనాల్టీ లేకుండా వెనక్కి వచ్చి ఆడుకోవచ్చు. హాని చేసే జీవుల గురించి నియమాల్లోనే ఉంది.

నెల్లూరోడు రాశారు:

అది మంచి మాట. రెండో హోల్ బుట్ట పై రింగు లోపలి వైపు కందిరీగల గూడు ఉంది, గొలుసులు కదిలాయా లేచి వస్తాయి. బుట్టలో చెయ్యి పెట్టే ముందు కిందికి వంగి చూడండి. ఎండుటాకుల్లో డిస్కు కోసం చేత్తో తడమకండి, కర్రతో కదిపి చూడండి. రక్తపింజర రంగు అచ్చం ఎండుటాకు రంగే, కదలకుండా పడుంటుంది. ఏమన్నా అయితే కట్లు కట్టడాలు, కోయడాలు వద్దు, కాలు కదపకుండా నేరుగా పెద్దాసుపత్రికే. ఇంకోటి, వానలు వెళ్లాక ఏడో హోల్ తీగల్లో దురదగొండి కాయలు ఎండుతాయి. ఒంటికి తగిలితే గీకకండి, టేపు అంటించి నూగు లాగేయండి.

ఫుల్‌పవర్ రాశారు:

పాములు, కందిరీగలు, దురదగొండి. ఇన్ని చెప్పి మళ్లీ 'భలే ఉంది' అంటారేంటండీ మీరు! నేను అనేది ఒకటే. కొత్తవాళ్లు రావాలి, ఆడపిల్లలు ధైర్యంగా రావాలి, వాళ్లు రావాలంటే దారి కనిపించాలి. జనం రాకపోతే ఏదో ఒక రోజు అక్కడ పార్కింగు వేస్తారు. అప్పుడు మీ పాల చెట్టూ పోతుంది, నా డిస్కూ పోతుంది.

వాక్కాయ_పప్పు రాశారు:

ఈ మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటాను. వాడకం లేని స్థలం మీదే అందరి కన్నూ పడుతుంది. పక్షులని చూడటానికి వచ్చేవాళ్లు, ఆడుకోవడానికి వచ్చేవాళ్లు ఉంటే ఆఫీసులో ఫైలు కదిలినప్పుడు అడిగేవాళ్లు ఉంటారు. కానీ దారి కనిపించడానికి చెట్లు తీయక్కర్లేదు. పడిన ఆకులు కాలిబాట మీద నుంచి ఊడ్చి పక్కకి వేయండి. కాలిబాట మాత్రమే. అడవి నేలంతా ఊడ్చేస్తే మొలకలు ఎండిపోతాయి. మొదటి వరస తుమ్మ మొక్కలు చిన్నవి పెకిలించండి, వాన పడ్డ వారంలో అయితే సులువుగా వస్తాయి.

స్కోర్‌కార్డ్ రాశారు:

ఇంకో మార్గం చెప్తాను. చెట్టు జరగదు, టీ జరుగుతుంది. ఇప్పుడున్న టీలు ఆ బ్యాచ్ కుర్రాళ్లు వేసినప్పటివి, అప్పటికి వేప మాను నిలబడే ఉంది. చెట్లు పెరిగాయి, కొన్ని పడ్డాయి, టీలు మాత్రం అక్కడే ఉన్నాయి. తొమ్మిదో హోల్‌లో ఇప్పటి టీ నుంచి అసలు సందే లేదు, అది ఫుల్‌పవర్ గారు అన్నట్టు లాటరీయే. నాలుగడుగులు కుడికి జరిగి నిలబడితే బుట్ట దాకా తిన్నని గీత దొరుకుతుంది. ప్రతి హోల్‌కీ ఉత్త పుట్టర్‌తో ఆడేవాళ్లు తప్పించుకుని పోగల దారి ఒకటి ఉండాలి, అది లేని చోట టీ మార్చాలి. సుద్దపొడి, రెండు ఇటుకలు ఉంటే చాలు.

తాటిముంజ రాశారు:

టీలు మార్చడానికి నేను సిద్ధం. ఇంకో సంగతి చెప్పాలి. కాలేజీ ఎస్టేటు ఆఫీసుకి ఉత్తరం ఇచ్చాను, బుట్టలు బాగుచేసుకుంటాం, ఖర్చు మాదే అని. తీసుకున్నారు, ముద్ర వేశారు, అంతే. మళ్లీ వెళ్తే 'సార్ మీటింగ్‌లో ఉన్నారు'. గేటు తాతగారు అయితే ఆదివారం ఉదయం 6 నుంచి 9 దాకా పేరు రాసి వెళ్లమన్నారు. 'పులి ఉందా లోపల, నాలుగు బుట్టలేగా' అని ఆయన ధీమా.

మేస్త్రి (నిర్వాహకుడు) రాశారు:

కాలేజీ పేరు, ఆఫీసువాళ్ల పేర్లు ఎవరూ పెట్టొద్దు. పెడితే పోస్టు తీసేస్తాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

ఆఫీసు సంగతి ఒక సలహా: ఉత్తరంలో 'డిస్క్ గోల్ఫ్ కోర్సు పునరుద్ధరణ' అని రాస్తే అది ఏ టేబుల్‌కి వెళ్లాలో వాళ్లకే తెలియదు. 'సర్కారు తుమ్మ తొలగింపు, శ్రమదానం' అని రాసి ఎన్ఎస్ఎస్ చూసే లెక్చరర్ ద్వారా పంపండి. కాలేజీలో నాకు తెలిసి ఎక్కువ పనులు అలాగే అవుతాయి.

నెల్లూరోడు రాశారు:

మేస్త్రి అన్నయ్య అనుభవంతో చెప్పారు. బుట్టల పని నేను చూస్తా. గొలుసులు హార్డ్‌వేర్ షాపులో కిలో లెక్కన దొరుకుతాయి, జింకు పూత ఉన్నవి అయితే ఉప్పు గాలికి త్వరగా తుప్పు పట్టవు. పాత గొలుసులకి బైండింగ్ వైరు చుట్టి పెట్టారు, అందుకే డిస్కు తగిలితే మోగదు, కదలదు, గట్టిగా తగిలి బయటికి ఎగిరిపోతోంది. గొలుసు వదులుగా వేలాడితేనే పట్టుకుంటుంది. బుట్ట అంచు నేల నుంచి 82 సెంటీమీటర్ల దగ్గర ఉండాలట, మన మొదటి హోల్‌ది నడుము పైకి ఉంది. పుట్టింగ్ రావట్లేదని అందరూ అక్కడ ఊరికే బాధపడుతున్నారు.

తాటిముంజ రాశారు:

అయిదో హోల్ బుట్టలో వేప మొక్క సంగతేం చేద్దాం?

వాక్కాయ_పప్పు రాశారు:

తడి మట్టితో సహా తీసి పక్కన నాటండి, దారికి దూరంగా. డిసెంబరు లోపల నాటితే వానకి బతుకుతుంది.

ఫుల్‌పవర్ రాశారు:

సరే, ఆదివారం నేనూ వస్తున్నా. పార, గునపం తెస్తాను, తుమ్మ పెకలించే పని నాకివ్వండి, ఆ బలమన్నా ఎక్కడో ఖర్చవ్వాలి. ఒక్క విషయం ముందే చెప్తున్నా, ఏడో హోల్ దగ్గర అడ్డంగా పెరిగిన ఆ కొమ్మ గురించి నా అభిప్రాయం మారలేదు. మేడమ్ వచ్చి చూసి చెప్తే వింటాను.

వాక్కాయ_పప్పు రాశారు:

వస్తాను. అది తుమ్మ కొమ్మ అయితే రంపం నేనే తెస్తాను.

కొత్తగా_చేరా రాశారు:

నేను వేళచ్చేరి నుంచి వస్తున్నా, ఇద్దరికి బైక్ మీద చోటుంది. ఫుల్‌పవర్ అన్నా, మీ డిస్కు ఏ రంగు? నాలుగో హోల్ పొదల్లో చూస్తాం.

ఫుల్‌పవర్ రాశారు:

ఆకుపచ్చ. ఎవరూ ఏమీ అనొద్దు.